తొట్టిలో ఎకరం

సన్నమ్మకు ప్రభుత్వం ఎకరం భూమి ఇచ్చిందనీ, ఆ ఎకరం తహసీల్దారు బల్ల పక్కనున్న చేపల తొట్టిలో ఉందనీ పక్కింటి నీలవేణి కుళాయి దగ్గర చెప్పింది. విన్నవాళ్లు, "అయితే నీటికి ఇబ్బంది లేదు" అనుకుని బిందెలెత్తుకున్నారు.

నీలవేణి చెప్పింది నిజమే. మండలంలో పంచడానికి బయట భూమి మిగల్లేదు. తొట్టి అడుగుభాగాన్ని టేపు పెట్టి కొలిస్తే రెండడుగులు, రికార్డులో ఎకరం. రికార్డే ఖాయం. షరతు ఒక్కటే: మూడు నెలల్లో అడుగంతా తివాచీ పరిచినట్టు గడ్డి అల్లుకోవాలి, లేకపోతే పట్టా రద్దు. ఇరవయ్యేళ్లుగా పరాయి పొలాల్లో నాట్లు వేస్తున్న సన్నమ్మకు ఇది కష్టమనిపించలేదు.

రోజూ ఆఫీసు తెరవగానే ఆమె చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చీర ఎగదోపుకుని తొట్టిలోకి దిగేది. చేపలు పక్కకు జరిగేవి. గడ్డిని చిన్న చిన్న కుదుళ్లుగా విడదీసి, వెనక్కి నడుస్తూ, బెత్తెడు ఎడంతో నాటింది. రెండో వారానికి ఆకులన్నీ కుళ్లిపోయాయి. తహసీల్దారు రద్దు నోటీసు టైపు చేయించబోయాడు.

"ఆగండి బాబూ," అంది సన్నమ్మ తల తుడుచుకుంటూ. "కొత్త నీరు కదా, పాత ఆకు ఒదిలేత్తాది. ఏరు బతికే ఉంది."

వేరు బతికే ఉంది. అయితే ఆఫీసు హోదా కోసమని అటెండరు తొట్టి లైటు ఆర్పడం మానేయడంతో పాచి పట్టింది. లైటు రోజుకు ఎనిమిది గంటలకు మించి వెలగరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఇక గడ్డి దట్టంగా పాకాలంటే నీళ్లలోకి బొగ్గుపులుసు వాయువు వదలాలి. సిలిండరు తెప్పించడానికి నిబంధనలు ఒప్పుకోవు. మనుషులు వదిలే ఊపిరిలో ఉండేది అదేనని సర్వేయరు గుర్తుచేశాడు. అర్జీదారుల వరుసలో ముందున్నవాళ్ల నోటికి రబ్బరు గొట్టం ఇచ్చారు. మామూలు ఊపిరి కంటే నిట్టూర్పుకు బుడగలు ఎక్కువ వస్తాయని తేలింది.

గడ్డి పాకింది. ఒక సోమవారం గుమాస్తా పొరపాటున పదకొండు అర్జీలు పరిష్కరించేశాడు. వరుస పలచబడి, బుధవారానికి గడ్డి పాలిపోయింది. గుమాస్తాకు మెమో ఇచ్చారు. అప్పటి నుంచి వరుస ముప్పై మందికి తగ్గకుండా ఫైళ్లు ఆపుతూ వచ్చారు. ఇందుకోసం సిబ్బంది కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

మూడో నెల ఆఖరున పై అధికారి వచ్చి తొంగి చూశాడు. అడుగున ఇసుక రేణువు కనబడలేదు, అంతా పచ్చదనమే. పచ్చగా ఉన్నంత కాలం పట్టా చెల్లుతుందని రాసి సంతకం పెట్టాడు. చేతులు తడిగా ఉన్నాయని సన్నమ్మ కొంగు చాపి కాగితం అందుకుంది.

బయటికి వస్తుంటే, వరుస మొదట్లో గొట్టం నోట్లో పెట్టుకుని నీలవేణి కనిపించింది. రేషను కార్డు కోసం ఆమె రావడం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది వారాలు.

"నీ కార్డూ ఒచ్చేత్తాదిలే, నీలవేణీ. నాను అయ్యగారికి సెప్తాను," అంది సన్నమ్మ.

నీలవేణి నోట్లోంచి గొట్టం తీసింది. తొట్టిలో బుడగలు ఆగాయి. తహసీల్దారు తలెత్తి చూశాడు.

"సెప్పకు వొదినా. మా పనులైపోతే నీ సేను సచ్చిపోతాది."