ముఖాల విభాగం డిప్యుటేషన్

గవర్రాజుగారి తలలోంచి ముఖాలు గుర్తుపట్టే విభాగాన్ని, సూపరింటెండెంటు కృపానందంగారి తలలోకి మూడేళ్ల డిప్యుటేషన్ మీద పంపుతూ జూన్ మొదటివారంలో ఉత్తర్వులు వచ్చాయి. ఇందులో వింతేమీ లేదు. అంతకుముందు నెలలోనే ఆ ఆఫీసులో ఒకాయన లెక్కల విభాగం తణుకు బదిలీ అయింది. ఇంకొకాయన దారులు గుర్తుపెట్టుకునే విభాగం మెడికల్ లీవులో ఉంటే, బావమరిది రోజూ చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి వెళుతున్నాడు. కృపానందంగారి సొంత ముఖాల విభాగం పై అధికారుల ముఖాలు చూసీ చూసీ అరిగిపోయిందట. అందుకని ఇంకొకటి కావాలని రాసుకున్నారు.

మనసు గుమ్మడికాయలా ఒకటే గుజ్జా, పనసకాయలా తొనలు తొనలుగా ఉంటుందా అని పండితులు ఏళ్ల తరబడి జుట్లు పట్టుకున్న మాట నిజమే. ప్రభుత్వం ఒక్క జీవోతో తేల్చేసింది: తొనలే. తలకి నలభైమూడు విభాగాలు, ఒక్కోదానికి ఒక్కో సర్వీసు రిజిస్టరు. గుజ్జు పక్షంవాళ్లకి అప్పీలు చేసుకోవడానికి ముప్పై రోజులు గడువిచ్చారు. మనసు ఒక్కటేనన్న వాళ్లంతా ఒక్క మాట మీదికి వచ్చేలోగా ఆ గడువు కాస్తా అయిపోయింది.

గవర్రాజుగారి సమ్మతి లేకుండానే పంపారా అంటే, అదీ కాదు. ఆ ఆఫీసులో సంతకం కావలసిన చోట కిందివాళ్లు పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు పెట్టి ఉంచుతారు. సీనియర్ అసిస్టెంటుగా ఆయన పంతొమ్మిదేళ్లుగా ఆ మార్కు వెతుక్కుని సంతకం పెడుతున్నారే గాని కాగితం చదివిన పాపాన పోలేదు. చదువుతూ కూచుంటే పని సాగొద్దూ? తనకి అభ్యంతరం లేదన్న కాగితం మీద కూడా మార్కుంది. పెట్టేశారు.

మొదటివారం తేడా తెలియలేదు. ఆఫీసులో మనుషుల్ని ఆయన సీటును బట్టి పోల్చుకుంటారు, ఇంట్లో భార్యని కాఫీ అందించే చేతిని బట్టి. చిక్కు గురువారం వచ్చింది. ఆయన మరిచిపోయిన క్యారియరు పట్టుకుని భార్య మాణిక్యాంబ ఆఫీసుకొచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఎవరమ్మా? అర్జీ అయితే ఇన్‌వర్డులో ఇచ్చి వెళ్లండి," అన్నారు గవర్రాజుగారు.

ఆవిడ నోరు తెరిచేలోపు పక్కగదిలోంచి కృపానందంగారు లేచి వచ్చారు. ఆవిణ్ణి ఆయన అంతకుముందు చూసి ఎరగరు.

"మాణిక్యాంబగారా! రండమ్మా, కూర్చోండి. కళ్లకింద ఆ నలుపేవిటండీ, నిద్ర పట్టడంలేదా? ముక్కుపుడక మార్చినట్టున్నారే. పాతదానికన్నా ఇదే నప్పింది."

ముక్కుపుడక మార్చి నాలుగు నెలలైంది. మాణిక్యాంబ నవ్వింది. తరవాత క్యారియరు తీసుకెళ్లి కృపానందంగారి బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. అందులో గుత్తివంకాయ కూర ఉంది.

గవర్రాజుగారికి కడుపు రగిలిపోయింది. వంకాయ పోయినందుకు కాదు. పరాయి మగాడు తన భార్యని పలకరించినందుకు కూడా అంత కాదు. పుట్టినప్పటినుంచీ తన తలలో పెట్టుకుని పోషించిన విభాగం, ఆ బట్టతలలోకి వెళ్లగానే ఇంత చురుగ్గా పనిచేస్తుందా? ఇన్నాళ్లూ ఈ తెలివి ఏ గంగలో కలిసింది? ఆయన ఓర్చుకోలేకపోయారు.

"వాడెవడో ముక్కుపుడక చూశాడని గుత్తివంకాయ పెట్టేస్తావా?" అన్నారు సాయంత్రం, కాఫీ అందించిన చేతితో.

"చూసింది ఆయనేవిటండీ, మీ విభాగమే కదా. మీదే కదాని పెట్టాను," అంది మాణిక్యాంబ.

"మరి నా దగ్గరున్నప్పుడు చూడలేదే!"

"అది నన్నడుగుతారేవిటండీ?"

మర్నాడే ఆయన విభాగాన్ని వెనక్కి రప్పించమని అర్జీ పెట్టారు. శిరోవిభాగాల అధికారి ఒక నడివయసు ఆవిడ, నిబంధన దాటని మనిషి. విభాగం ఇష్టం కూడా కనుక్కోవాలని నిబంధన. అంచేత కృపానందంగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన నోటితో విభాగాన్ని మాట్లాడమన్నారు.

"అయ్యగారి మీద నాకు కోపం లేదండి," అంది విభాగం. "అక్కడ పనే లేదండి. పెళ్లయిన ఇరవైరెండేళ్లలో అమ్మగారి ముఖంకేసి పట్టుమని పదిసార్లు పంపలేదండి నన్ను. అందులో నాలుగుసార్లు ఫొటోగ్రాఫరు అటు తిరగండంటే తిరిగారండి. ఇక్కడ చేతినిండా పనుందండి. ఆవిడ నవ్వితే ఎడమ బుగ్గే ముందు కదులుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసిందండి."

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతోందండీ!" అని గవర్రాజుగారు లేచి అరిచారు. అధికారి ఆ మాటని మినిట్సులో రాయించి అర్జీ కొట్టేశారు.

అయితే ఖాళీని ఖాళీగా ఉంచకూడదు కదా. గవర్రాజుగారి తలని తనిఖీ చేయిస్తే, మిగిలిన నలభైరెండింటిలో ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తున్నది ఒక్కటే కనబడింది. అసూయ. కృపానందంగారు ఈయన్ని దాటుకుని సూపరింటెండెంటైన నాటినుంచీ అది ఒక్కపూట సెలవు పెట్టలేదు. ముఖాలు గుర్తుపట్టే పని దానికే అదనపు బాధ్యతగా అప్పగించారు.

అసూయకి ముఖాలు తెలియవు. ఎవరు ఎవరికేసి చూస్తున్నారో మాత్రం క్షుణ్ణంగా తెలుసు. ఆ ఆదివారం రైతుబజారులో గవర్రాజుగారు భార్యని పోగొట్టుకుని, బెండకాయలు ఏరుతున్న పదిమంది ఆడవాళ్ల మధ్య సంచీ పట్టుకుని బిక్కమొహం వేశారు. అంతలో కృపానందంగారు ఎదురొచ్చి, వాళ్లలో ఒకావిడకి నమస్కారం పెట్టి నవ్వారు. గవర్రాజుగారికి గుండెల్లో భగ్గుమంది. మరుక్షణం ఆవిడ మాణిక్యాంబ అయిపోయింది. ముక్కుపుడక, కణతల దగ్గర నెరిసిన నాలుగు వెంట్రుకలు, ముందు కదిలే ఎడమ బుగ్గ, అన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి. ఎంత బాగుంది! పెళ్లిచూపుల్లో కూడా ఆయన ఆవిణ్ణి అంత బాగా చూడలేదు. కృపానందంగారు వెళ్లిపోగానే మళ్లీ పదిమంది ఆడవాళ్లు బెండకాయలు ఏరుతున్నారు.

సోమవారం గవర్రాజుగారు పక్కగదిలోకి వెళ్లి, "ఆదివారాలు మా ఇంటికి కాఫీకి దయచెయ్యండి సార్," అన్నారు. అసూయ విభాగం అడ్డం పడింది. అయినా అన్నారు. భార్యని చూసుకోవాలని ఉండదా ఎవరికైనా?

ఈ ఏర్పాటు గురించి ఆయన నిజాయితీగా శిరోవిభాగాల కార్యాలయానికి రాసుకున్నారు. ఊళ్లో చాలా ఇళ్లలో ముఖాల విభాగం ఎక్కడికీ వెళ్లకపోయినా ఇదే పద్ధతి నడుస్తోందని, కనుక ప్రత్యేక ఉత్తర్వులు అక్కర్లేదని జవాబు వచ్చింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం తొమ్మిదిన్నరకి కృపానందంగారు వస్తారు. మాణిక్యాంబ మంచి చీర కట్టుకుని వచ్చి కూర్చుంటుంది. ఆయన ఆవిడకేసి చూసి మాట్లాడుతుంటే, గవర్రాజుగారు కుతకుత ఉడుకుతూ, కళ్లార్పకుండా భార్యని చూసుకుంటారు. అరగంట.

మొన్న ఆదివారం కృపానందంగారు గేటు దాటిన తరవాత, ఎవరో ఒకావిడ మంచి చీర కట్టుకుని వచ్చి ఖాళీ గ్లాసులు తీస్తోంది. గవర్రాజుగారు పేపరు విప్పుతూ, "ఇంకో కాఫీ ఉంటే ఇమ్మని మా ఆవిడతో చెప్పమ్మా," అన్నారు.

"చెబుతానండి," అని ఆవిడ గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్లింది.