టేపు మావయ్య కొన్న బెంచీ

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఒంటికి అతికినట్టు చొక్కా కుట్టే టేపు మావయ్యకి, పాపం, ఆ విద్య మాత్రం అబ్బలేదు.

"వాకిట్లో ఓ బెంచీ వేద్దామే. కస్టమర్లు నిలబడలేకపోతున్నారు" అన్నాడు ఓ పొద్దున పెళ్లాంతో.

"ఏ కస్టమర్లండీ? నిన్నంతా ఈగలు తప్ప ఎవరొచ్చారు?"

"ఈగలైనా కూర్చుంటాయిలే."

అసలు సంగతి వేరు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు పిచ్చుక, నాలుగేళ్లకే జ్వరమొచ్చి పోయింది. అప్పట్నుంచి వీధిలో పిల్లలు ఆటలకొచ్చే వేళకి అత్తయ్య తలుపులు వేసేస్తోంది. ఆవిడ మనసు కష్టపెట్టొద్దని చుట్టుపక్కల తల్లులు కూడా పిల్లల్ని ఆ వాకిట్లోకి పంపడం మానేశారు. బెంచీ వేస్తే పిల్లలొస్తారు, ఆ గోలకైనా ఆవిడ తలుపు తీస్తుందని మావయ్య ఆశ. ఆ మాట ఎదురుగా చెప్పే ధైర్యం ఆయనకేదీ?

అత్తయ్యని వెంటబెట్టుకెళ్లి, బెంచీల కొట్లో మావయ్య టేపు పట్టుకుని యుద్ధానికి దిగాడు. ఇనప బెంచీ ఎండకి చుర్రుమంటుందన్నాడు. చెక్కది పేడు గుచ్చుకుంటుందన్నాడు. పలకల సందులో చిటికెన వేలు పెట్టి చూశాడు, ఇరుక్కుంది. కొట్టతను సబ్బునీళ్లు తెచ్చి ఊడదీశాడు.

"మీ కస్టమర్లు సందుల్లో వేళ్లు పెడతారా?" అంది అత్తయ్య.

"కొందరికి చేతులూరుకోవు కదే."

మరో బెంచీ ఒరుగుతుందేమోనని దాని ఓ కొసకెక్కి గెంతాడు. ఒరిగింది. మావయ్య వెళ్లి పూలకుండీల్లో పడ్డాడు.

"గెంతుతారు కూడానా?"

"ఆత్రంగాళ్లుంటారు!" అన్నాడు మట్టి దులుపుకుంటూ.

ఆఖరికి మూలలు గుండ్రంగా ఉండి, నేలకి బిగించే పొట్టి బెంచీ ఒకటి దొరికింది. "పాపకెన్నేళ్లండీ?" అనడిగాడు కొట్టతను.

"నాలుగు. కాస్త ఎత్తుదివ్వు బాబూ, ఎదిగే పిల్ల" అనేశాడు మావయ్య.

పిల్లల గౌన్లకి ఎదుగుదలకని అంచున మడత వదిలి కుట్టే చెయ్యి అది. నోటికీ అదే అలవాటైపోయింది. అన్నాక తెలిసింది ఏమన్నాడో. టేపు చుట్టడం మొదలుపెట్టి, చుట్టిందే మళ్లీ చుట్టాడు. అత్తయ్య గోడవైపు తిరిగి నిలబడింది. ఆ పొట్టిదే కొనుక్కుని ఇంటికొచ్చారు.

బెంచీ వేశారు. ఒక్క పిల్లా రాలేదు. మావయ్యే మోకాళ్లు గడ్డానికానించుకుని దాని మీద కూర్చునేవాడు. చివరికి ఓ సాయంత్రం గుండీలు కొనాలని ఇంకో అబద్ధమాడి, వెనక సందులోంచి చుట్టు తిరిగి ఎదురింటికెళ్లాడు.

"అమ్మా, మీ పిల్లల్ని కాసేపు మా వాకిట్లోకి పంపుతారా? మా ఆవిడకి చెప్పకండేం" అని బతిమాలాడు.

ఎదురింటావిడ వింతగా చూసింది. "ఇందాకే ఆవిడొచ్చి అడిగి తీసుకెళ్లారు. మీకు చెప్పొద్దన్నారు."

మావయ్య పరుగున వచ్చాడు. బెంచీ నిండా పిల్లలు. అత్తయ్య నేల మీద కూర్చుని, ఎదురింటి పిల్లకి గౌను గుండీలు పెడుతోంది. అది పిచ్చుక గౌను. అంచున మడత విప్పిన చోట రంగు ఇంకా కొత్తగానే ఉంది.

"మడత విప్పేశావా?" అన్నాడు మెల్లగా.

"ఎదగడానికేగా వదిలారు" అంది. ఏడుస్తూనే ఆఖరి గుండీ పెట్టింది. "అలా నిలబడిపోయారేం? మీ కస్టమర్లొచ్చారు. కొలతలు తీసుకోండి."

మావయ్య సిగ్గుపడుతూ మెళ్లో టేపు తీశాడు. మొదటి పిల్లాడి ముందు చతికిలబడి, భుజాలకి టేపు పట్టాడు.

"ఎంతండీ?"

"నువ్వే చూడవే" అన్నాడు. "నాకు అంకెలు కనబడటం లేదు."