సాసెనాక్ మీసం

పొద్దున్నే గ్లాస్గోలో బయల్దేరి, స్కై దీవిలో అత్తగారి తొంభయ్యో పుట్టినరోజు విందుకు వేళకు చేరాలని ముంగో బాక్స్టర్ ఏర్పాటు. ఆయనది బూట్ల దుకాణం. భార్య ఇష్‌బెల్ వంటసాయానికని ముందే పుట్టింటికి వెళ్లింది. ఇక కారెక్కవలసింది ఆయన, కూతురు మోర్వెన్, ఆమెను పెళ్లాడబోయే క్లెమెంట్.

క్లెమెంట్‌ది ఇంగ్లండ్. అబ్బాయిలో ముంగో కనిపెట్టగలిగిన లోపం అదొక్కటే. అందుకే దానితోనే సరిపెట్టుకునేవాడు. "ఏమోయ్ సాసెనాక్!" అని పిలిచేవాడు. ఇంగ్లీషువాణ్ణి ఉడికించడానికి స్కాట్లండులో అంతకు మించిన మాట లేదని ఆయన నమ్మకం. క్లెమెంట్ ఉడికేవాడు కాదు. "ఇంకాస్త టీ పోయమంటారా?" అనేవాడు.

ఎఫీ అమ్మమ్మ సరేనంటేనే పెళ్లి అని మోర్వెన్ పట్టుబట్టింది. ఆ ముసలావిడ కోసం క్లెమెంట్ రోజూ రైల్లో ఆఫీసుకు వెళుతూ పెదవులు కదిలించి కదిలించి, ఆ దీవివాళ్ల సొంత భాష గేలిక్‌లో ఒక పాట నేర్చుకున్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు అతను ప్రార్థన చేస్తున్నాడనుకుని జరిగి చోటిచ్చేవారు.

బయల్దేరే ముందు ఫోను మోగింది. ముంగో ఎత్తాడు. ఎఫీకి చెవుడు. అవతల ఎవరని అడిగే అలవాటూ లేదు.

"మోర్వెన్, విను. సాసెనాక్ వస్తున్నాడుగా! వాడి చేత పాట పాడించకు, పొలంలో చూడి గొర్రెలున్నాయి. చుక్క విస్కీ పోయనివ్వకు. ఆ మీసం గీయించి మరీ తీసుకురా, ముద్దు పెట్టుకుంటే చెంప గీరుకుపోతుంది." ఫోను పెట్టేసింది.

ముంగో మొహం వెలిగిపోయింది. అబ్బాయి ఫోటో చూసి ఉంటుందనుకున్నాడు.

"మా అత్తగారు మహాతల్లి! చూడకుండానే నిన్ను అంచనా వేసేసింది," అంటూ ఆజ్ఞలన్నీ అప్పజెప్పాడు.

క్లెమెంట్ తన గోధుమరంగు మీసాన్ని తడుముకున్నాడు. "తప్పదంటారా?"

"తొంభయ్యేళ్ల మనిషి మాట. నీ ఇష్టం."

క్లెమెంట్ స్నానాల గదిలోకి వెళ్లాడు. బయటికొచ్చేసరికి పైపెదవి మీద గాటు, దాని మీద కాగితం ముక్క. మోర్వెన్ కెవ్వుమంది.

"మా అమ్మమ్మ అలా అనదు నాన్నా!"

"నా చెవులారా విన్నానమ్మా."

కారు ఊరు దాటాక క్లెమెంటే మాట కలిపాడు. "ఎంతయినా మనమంతా బ్రిటిష్‌వాళ్లమే కదండీ."

"పాస్‌పోర్టు చూపించేటప్పుడు బ్రిటిష్. దాన్ని జేబులో పెట్టేశాక స్కాటిష్," అన్నాడు ముంగో.

కొండల మధ్య టీ కోసం ఆగారు. కంటికి ఆనీ ఆనని అక్కడి దోమలకు అప్పుడే గీసిన పెదవి ఎక్కడున్నదీ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. దీవి చేరేసరికి ఆ పెదవి బన్నురొట్టెలా ఉబ్బింది.

ఊరంతా హాలులో ఉంది. గ్లాసు చేతికిస్తే క్లెమెంట్ వద్దన్నాడు. ఇంకొకరిచ్చారు, వద్దన్నాడు. అతిథులందరూ తలా ఒక పాట పాడుతున్నారు. అతని వంతు వచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు. "ఎంత పొగరో చూడు, మూతి కూడా ముడుచుకున్నాడు," అని వెనక బల్లల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. మోర్వెన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముంగో మాత్రం రెండో గ్లాసు ముగించి, పాడటానికి గొంతు సవరించుకుంటున్నాడు.

ఎఫీ చేతికర్రతో నేల మీద కొట్టింది. హాలు సద్దుమణిగింది.

"ఇలా రా బాబూ. తాగవు, పాడవు. మేమంటే గిట్టదా?"

క్లెమెంట్ ఆమె చెవి దగ్గర వంగాడు. "మీరే వద్దన్నారటండీ. మీసం కూడా తీసేయమన్నారట."

"నేనా? ఆ మాటలన్నది సాసెనాక్ గురించి!"

"సాసెనాక్‌ని నేనే కదండీ."

"నువ్వు ఇంగ్లీషువాడివి నాయనా," అంది ఎఫీ జాలిగా. "సాసెనాక్ అదుగో, ఆ మూల మీసం దువ్వుకుంటున్నాడు."

హాలంతా ముంగో వైపు తిరిగింది.

"అత్తగారూ! నేను స్కాట్లండువాణ్ణి! మా తాత ముత్తాతలంతా..."

"గ్లాస్గోవాళ్లు. మా కొండలు దిగితే అందరూ సాసెనాక్‌లే ముంగో. ఆ మాట మాది. మీరు దాన్ని ఇంగ్లండు నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నారు."

పెళ్లయిన నాటి నుంచి అత్తగారు గేలిక్‌లో ఏదో అంటూ మధ్యలో ఆ మాట పలికినప్పుడల్లా, ఇంగ్లండును తిడుతోందనుకుని ముంగో జోరుగా తలూపేవాడు. ఇప్పుడు ఆ తలూపులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఇష్‌బెల్, నీకు తెలుసా?" అని నీరసంగా అడిగాడు.

"మీరంత సంతోషంగా ఒప్పుకుంటుంటే మధ్యలో నేనెందుకని..." అంది ఇష్‌బెల్.

క్లెమెంట్ ఆమె చెవి దగ్గరే గొంతెత్తి పాడాడు. వాచిన పెదవితోనే, మొదటి మాట నుంచి చివరిదాకా. వెనక బల్లల దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. రెండో చరణంలో ఒక మాట తప్పు పలికాడు. ఎఫీ దిద్దలేదు. తప్పు విని అమ్మ ఊరుకోవడం పుట్టి బుద్ధెరిగాక చూడలేదని ఇష్‌బెల్ చెప్పింది. పాట అయ్యాక ముసలావిడ అతని చెయ్యి వదల్లేదు. "ఎప్పుడు పెళ్లి?" అని మాత్రం అడిగింది.

ముంగో లేచి వంటింట్లోకి నడిచాడు. వెనకే వేడినీళ్లు, సబ్బు, తన గడ్డం గీసుకునే కత్తి పట్టుకుని క్లెమెంట్ వెళ్లాడు. నవ్వలేదు. అద్దం కదలకుండా పట్టుకుని, "ఎడమవైపు జాగ్రత్తండీ, అక్కడే తెగుతుంది," అన్నాడు.

ముంగో నురగ రాసుకుంటూ కాసేపు అద్దంలోకి చూశాడు. "నువ్వు మంచివాడివోయ్ క్లెమెంట్," అన్నాడు. ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

పెళ్లి వసంతంలో అయింది. ఆ రోజంతా ఎఫీ ఎవరినీ సాసెనాక్ అనలేదు, బ్యాగ్‌పైపు ఊదేవాణ్ణి కొండల దిగువనున్న ఎడిన్‌బరా నుంచి పిలిపించారని తెలిసేదాకా.