సగం క్రాఫు కేసు

ఆ రోజు చిన్న కోడలు పొద్దున్నే లేచి, కొత్త కత్తెరను మెత్తటి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. బ్యూటీ పార్లరు తోడికోడళ్ళిద్దరిదీ అని పేరే గానీ, పెత్తనమంతా పెద్ద కోడలిది. చిన్న కోడలు ఇన్నాళ్ళూ నేల ఊడ్చింది, ఫేస్ ప్యాకులు కలిపింది, అక్క కత్తిరించిన జుట్టు ఎత్తిపోసింది. కత్తిరించడం నేర్చుకుని పరీక్ష పాసైనా, "ఇంకా చెయ్యి తిరగాలే" అంటూ పెద్ద కోడలు వాయిదా వేస్తూ వచ్చింది. చివరికి నిన్న సాయంత్రం ఏ కళనుందో గానీ, "రేపటి నుంచి కిటికీ పక్క కుర్చీ నీది" అంది. ఆ కుర్చీ కోసం చిన్న కోడలు పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.

మొదటి బేరంగా లెక్కల టీచరు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం బడిలో మీటింగట, ఈలోగా నడుం దాకా ఉన్న జుట్టు భుజాల దాకా తగ్గించాలి. పక్క కుర్చీలో బ్యాంకు ఉద్యోగిని మొహం నిండా మట్టి ప్యాకు పూయించుకుని, కళ్ళ మీద కీరా ముక్కలు పెట్టుకుని వాలి ఉంది. "ఆరేదాకా నోరు మెదిపితే ప్యాకు బీటలు వారుతుంది. తర్వాత సాయంత్రం మీ బ్యాంకు గ్రూపు ఫోటోలో ముడతలు కనిపిస్తే నన్ననకండి" అని పెద్ద కోడలు ముందే హెచ్చరించింది.

వెనక మూల కుర్చీ అత్తగారిది. తలకి రాగి రంగు వేయించుకోవడానికి వచ్చారు. "ఇంట్లో మీ మామగారు రిమోట్ ఇవ్వరు. పైగా ఈ ఫోనొకటి చచ్చి కూర్చుంది" అని సణుగుతూ రంగు పూయించుకుని, ప్లాస్టిక్ టోపీ పెట్టించుకున్నారు. అసలు ఆవిడ వచ్చింది రంగు కోసం కాదు, టీవీలో మళ్ళీ వేస్తున్న పాత నలుపు తెలుపు కోర్టు సీరియల్ కోసం. ప్రతి భాగంలోనూ ఎవరో అమాయకుడు చెయ్యని హత్యకి బోనెక్కుతాడు. ఆఖరి నిమిషాల్లో లాయరు లేచి, నాలుగు ప్రశ్నలతో అసలు హంతకుణ్ణి పట్టేస్తాడు. ఆ రోజు బోనులో ఉన్నది ఒక కారు డ్రైవరు. యజమానిని వాడే చంపాడని లోకమంతా నమ్మింది, వాడి లాయరు తప్ప.

లాయరు కోటు సర్దుకుని లేచాడు. పార్లరులో అందరి కళ్ళూ టీవీకి అతుక్కుపోయాయి. "యువరానర్! అసలు హత్య చేసినవారు ఈ గదిలోనే ఉన్నారు. వారెవరంటే..." అని చెయ్యి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే చిన్న కోడలు, కత్తిరించడం పూర్తయిన టీచరు ఎడమవైపు జుట్టు ఆరబెడదామని డ్రయ్యరు వేసింది. టీవీ టప్పున ఆరిపోయింది.

"అయ్యో, అయ్యో! ఎవరే అది?" అని అత్తగారు కేకేశారు.

"ఇంకెవరు? టీవీ నడుస్తుండగా ఆ పెద్ద డ్రయ్యరు వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పానే! కాల్చి పారేశావు కదా" అంటూ పెద్ద కోడలు రిమోట్ బొత్తాలన్నీ నొక్కింది. ఏదీ పనిచెయ్యలేదు.

"నేనేం కాల్చలేదక్కా. డ్రయ్యరు ఇంకా తిరుగుతూనే ఉందిగా!"

టీచరు ముక్కు ఎగబీల్చి, "కాలిన వాసన వస్తోంది" అంది. ఒకరు వస్తోందన్నాక రానిదెవరికి? అత్తగారికీ వచ్చింది, పెద్ద కోడలికి ఇంకా ఎక్కువ వచ్చింది.

"తప్పయిపోయింది, సారీ అని చెప్పు. ఇంతటితో వదిలేస్తాను" అంది పెద్ద కోడలు.

"చెయ్యని తప్పుకి సారీ చెప్పను."

"అయితే కుర్చీ సంగతి మర్చిపో. పోయి చీపురు పట్టుకో!"

చిన్న కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మెడ వంచలేదు. కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. "ఆ డ్రైవరుకైనా విచారణ జరిగింది. నాకూ జరగాలి. నిజం తేలేదాకా నేను కత్తెర ముట్టను."

"మరి నా కుడివైపు?" అని టీచరు లబలబలాడింది. అద్దంలో ఆవిడ జుట్టు ఎడమవైపు భుజం దగ్గర ఆగింది, కుడివైపు నడుం దాకా వేలాడుతోంది.

"మీది కూడా వాయిదా పడిందండీ."

"న్యాయం నేను చెప్తాను. ఈ సీరియల్ చూసి చూసి నాకు చట్టమంతా కంఠతా వచ్చు" అని అత్తగారు టోపీ సర్దుకుని, దువ్వెనతో కుర్చీ చెయ్యి మీద రెండు దెబ్బలు కొట్టారు.

టీచరు నేరం మోపే లాయరు పక్షం తీసుకుంది. "గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకుంటున్నావెందుకు?"

"తడుముకోవడం లేదండీ. మీ జుట్టే దులుపుకుంటున్నాను."

సాక్షి ఒక్కర్తే, బ్యాంకు ఉద్యోగిని. ఆఖరి సీను కోసం ఆవిడ ఒక కీరా ముక్క ఎప్పుడో జార్చేసింది. ప్యాకు బిగుసుకుపోయిన మొహంతో "మ్మ్! మ్మ్!" అంటూ వెనక మూలకి వేలు చూపించింది.

"మంచినీళ్ళు అడుగుతోంది, పాపం. ఇవ్వండి" అన్నారు అత్తగారు. నీళ్ళొచ్చాయి. ఆవిడ అడ్డంగా తలూపి, ఈసారి కుర్చీ కిందికి చూపించింది. "ఓహో, చెప్పులు కావాలట." చెప్పులు కూడా వచ్చాయి.

"బీటలు వారితే వారనీయండి మేడమ్, మీకు దండం పెడతాను, నోరు విప్పండి!" అని చిన్న కోడలు బతిమాలింది. ఆవిడ అద్దంలోకి చూసుకుంది, సాయంత్రం ఫోటో గుర్తు తెచ్చుకుంది, కళ్ళు మూసుకుంది.

"అత్తయ్యా, టైమయింది. ఇంకా ఉంచితే రంగు ముదిరిపోతుంది, కడిగేద్దాం రండి" అంది పెద్ద కోడలు.

"కోర్టు నడుస్తుంటే జడ్జి లేస్తారటే? కూర్చో."

ఇంకాసేపు వాదనలు సాగాయి. చిన్న కోడలు ఒక్కొక్కరినీ అడిగింది, ఆ టైములో మీరెక్కడున్నారని. పెద్ద కోడలు టవల్స్ మడత పెడుతోంది. టీచరు అద్దం ముందే ఉంది. "నేనా? ఈ కుర్చీలోంచి అంగుళం కదిలితే ఒట్టు!" అన్నారు అత్తగారు.

"నేరం రుజువైనా సరే, కాకపోయినా సరే, నా కుడివైపు కత్తిరించండి తల్లీ" అని టీచరు దాదాపు ఏడ్చింది. పెద్ద కోడలు రంగు సంగతి మళ్ళీ ఎత్తింది. అత్తగారు కసిరి, దువ్వెన కొట్టి తీర్పు చెప్పేశారు. "నేరం రుజువైంది. చిన్నది అందరి ముందూ సారీ చెప్పాలి. కుర్చీ మాట వచ్చే ఏడాది చూద్దాం."

"చెప్పను! వెయ్యిసార్లు అడిగినా చెప్పను!" అంది చిన్న కోడలు. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఇదే మీ చేతుల్లో జరిగుంటే, పాత టీవీ, పోతే పోయిందనేవారు." కత్తెర గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని, తలుపు దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది.

అత్తగారి కుర్చీ కింద ఫోను మోగింది.

చెవుల నిండా రంగు. అందుకని ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని స్పీకరు నొక్కారు. మామగారి గొంతు పార్లరంతా మోగింది. "ఏమోయ్, చూశావా నీ సీరియల్? నువ్వు లేవని నేనూ అదే పెట్టాను. పాపం ఆ డ్రైవరుకి ఏమీ తెలియదు. చేసిందంతా ఆ ఇంటి పెద్దావిడే! మూల కుర్చీలో కూర్చుని అందరికీ నీతులు చెప్తూ, ఏమీ ఎరగనట్టు ఎంత బాగా నటించిందీ!"

చిన్న కోడలి చెయ్యి గడియ మీద నుంచి జారింది. నెమ్మదిగా వెనక్కి వచ్చింది.

"అత్తయ్యా, ఒకే ఒక్క ప్రశ్న. మీరొచ్చేసరికి ఈ ఫోను చచ్చి ఉంది కదా?"

"అవును, అయితే?"

"మరి ఇప్పుడెలా బతికింది?"

"ఎలా ఏమిటే, ఛార్జింగ్ పెట్టాను. కుర్చీలోంచి కదలకుండానే, టీవీ మీంచి చూపు తిప్పకుండానే, కింద చేత్తో తడిమి, ఏదో పనికిరాని ప్లగ్గొకటి పీకేసి..." ఆవిడ అక్కడితో ఆగిపోయారు.

పెద్ద కోడలు వంగి చూసింది. కుర్చీ వెనకాల ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కన టీవీ ప్లగ్గు అనాథలా పడి ఉంది. తగిలించగానే టీవీ వెలిగి, సబ్బు ప్రకటన మొదలైంది.

"ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే కదా!" అని బ్యాంకు ఉద్యోగిని ఒక్క అరుపు అరిచింది. ప్యాకు మొహమంతా బీటలు వారింది.

పెద్ద కోడలు టీవీ గొంతు తగ్గించింది. తర్వాత తానే వెళ్ళి చిన్న కోడలి సంచిలోంచి కత్తెర తీసి, ఆమె చేతిలో పెట్టింది. "నాదే తప్పే. సారీ. కుర్చీ నీది, ఇక ఎవరూ లాక్కోరు."

చిన్న కోడలు కళ్ళు తుడుచుకుని, ముందు టీచరు కుడివైపు అందుకుంది. రెండు వైపులా సమానంగా వచ్చాక టీచరు మొహంలో నవ్వు వచ్చింది. అప్పుడు చిన్న కోడలు వెనక్కి తిరిగింది. "అత్తయ్యా, మరి మీరు?"

"చాల్లే! జడ్జి సారీ చెప్పడం ఎక్కడైనా విన్నావా? సాక్ష్యాలు ఎలా ఉంటే తీర్పు అలా ఉంటుంది. అయినా టీవీ ప్లగ్గు నా చేతికి అందేలా ఎవరు పెట్టమన్నారు?" అంటూ ఆవిడ విసురుగా లేచి టోపీ లాగేశారు.

రాగి రంగు కావాల్సిన జుట్టు నిగనిగలాడే వంకాయ రంగులో బయటపడింది.

ఆ రంగు దిగేదాకా అత్తగారి తల నేరం ఒప్పుకుంటూనే ఉంది, అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు.