కల్నల్ గారి జోలికి వెళ్ళొద్దు

"ఈ భవనంలో యంత్రం తప్పు చెయ్యదు! చేస్తే గీస్తే మనిషే చేస్తాడు! ఆ మనిషెవరో తేలేదాకా నేను నిద్రపోను!"

జనన మరణాల నమోదు కార్యాలయంలో పెద్ద సారు ఈ మాట అన్నది మధ్యాహ్నం రెండున్నరకి. అది ఆయన రోజూ కునుకు తీసే వేళ. అంచేత ఇది మామూలు త్యాగం కాదని గ్రహించి సిబ్బంది అంతా చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగకముందే పక్కనున్న అద్దాల గదిలో సర్వర్ ఆగిపోయింది. ఆ రోజుకి అది నాలుగోసారి. తెర మీద ఎర్రక్షరాల్లో రోజూ చెప్పే మాటే: మెమరీ హార్డ్‌వేర్ లోపం.

నెల కిందట ఘనంగా ప్రారంభోత్సవం చేసుకున్న సర్వర్ అది. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా దాని కడుపులోకి వెళ్ళాల్సిందే. వారం కిందట కౌంటర్లన్నీ దానికి తగిలించారు. ఆ రోజు నుంచీ గంటకోసారి సొమ్మసిల్లుతోంది. దాంతో పుట్టినవాళ్ళు కాగితం మీద పుట్టలేదు, పోయినవాళ్ళు పోలేదు! కౌంటరు ముందు వరస మెట్లు దిగి, గేటు దాటి, మంగలి షాపు దాకా పాకింది.

ఇక తేలాల్సింది మనిషి. ఆ మనిషి అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ యంత్రాలు బాగుచేస్తున్న ఆయన్ని అందరూ బాబాయి అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పెద్ద సారుకి మాత్రం ఆ సాయంత్రం గుర్తొచ్చింది. మెమో మీద రాయాలి కదా!

"సర్వర్ ఆరోగ్యం పట్ల మీరు కనబరచిన అశ్రద్ధకు మిమ్మల్ని విధుల నుంచి ఎందుకు తొలగించరాదో మూడు రోజుల్లోగా తెలియజేయవలెను."

ఇంట్లో భార్య దాన్ని రెండుసార్లు చదివింది.

"ఏవండీ, ఇంతకీ మీరేం చేశారని?"

"అది రాయలేదుగా."

"రాయకపోతే సంజాయిషీ దేనికిస్తారు?"

"అదే తెలియజేయమంటున్నారు."

నవ్వుతూ అన్నాడు గానీ బుర్ర నిండా సర్వరే. మెమరీ చిప్పు, అదే ర్యామ్, మూడుసార్లు మార్చాడు. డిస్కు మార్చాడు. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాడు. కొత్త ర్యామ్ కూడా పాత పాటే పాడుతోంది. మూడు కొత్త వస్తువులు ఒకే తప్పు చేస్తే తప్పు వస్తువుల్లో ఉంటుందా?

మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే వచ్చి, సర్వర్ పెట్టె మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు.

"ఏమైంది బాబాయ్?" అంది కౌంటరు అమ్మాయి.

"పెనం తల్లీ, పెనం! ఈ వేడికే మెమరీకి మతి పోతోంది. ఇంత కాలిపోతుంటే ఫ్యాను చూడు, పెళ్ళికూతురిలా ఎంత నెమ్మదిగా కదులుతోందో!"

ఫ్యాను ఊడదీసి ఇంకో మిషన్‌కి తగిలించాడు. గిర్రున తిరిగింది. గది హోరెత్తింది. ఫ్యానుకి రోగం లేదు. తిరగొద్దని దానికి ఎవరో చెబుతున్నారు.

సరిగ్గా అప్పుడే సలహాదారు గారు వచ్చారు. ఈయన పెద్ద సారుకి సాంకేతిక విషయాల్లో సలహా చెబుతారు. పెద్ద సారు ఏం అనుకుంటే అదే చెబుతారు కాబట్టి మంచి సలహాదారని పేరు.

"ఫ్యానుని తిప్పేది సిస్టమ్ లోపలి కెర్నల్ కదండీ," అన్నాడు బాబాయి. "మిషన్ మొదలయ్యేటప్పుడు అది చదువుకునే ఫైలు ఒకటుంటుంది. ఒక్కసారి తెరిచి చూడనివ్వండి."

"తమరు స్క్రూల సంగతి చూసుకోండి. కెర్నల్ జోలికి వెళ్ళొద్దు!"

గలాటా విని పెద్ద సారు వచ్చారు. "ఏ కల్నల్? సైన్యానికి మన ఆఫీసులో ఏం పని? ఏమయ్యా, నీ అశ్రద్ధని మిలిటరీ మీద తోస్తావా?"

"కల్నల్ కాదు సార్, కెర్నల్. సిస్టమ్ గుండెకాయ లాంటిది."

"ఎవరైనా సరే, పెద్ద హోదాలో ఉన్నవారిని అనుమానించకూడదు!"

పదకొండింటికి ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీ అధికారిణి దిగింది. వరసలో వాళ్ళు రాసిన ఫిర్యాదులు ఆవిడ సంచి నిండా ఉన్నాయి. ఆవిడ ముందు మెప్పు పొందాలని పెద్ద సారు అప్పటికప్పుడు ఒక ఉత్తర్వు చెప్పి రాయించి, సంతకం చేసి బల్ల మీద పెట్టారు. అందులో ఇలా ఉంది: "సర్వర్ పతనానికి కారణమైన ............ ను తక్షణమే విధుల నుంచి తొలగించడమైనది."

"ఖాళీ ఎందుకుంది?" అందావిడ.

"పేరు తమ సమక్షంలో నింపుదామని మేడమ్!" అంటూ బాబాయి వంక చూశారు.

బాబాయి ఒకడుగు ముందుకేశాడు. "అమ్మా, ఆ ఫైలు ఒక్కసారి తెరవనివ్వండి. అందులో ఏమీ లేకపోతే నా పేరు నేనే నింపుతాను," అన్నాడు.

ఆవిడ తలూపింది. సలహాదారు గారికి హఠాత్తుగా దగ్గొచ్చింది.

ఫైలు తెరుచుకుంది. చివర్లో ఒక పంక్తి: వేడి ఎంత పెరిగినా పట్టించుకోవద్దని కెర్నల్‌కి ఆజ్ఞ. దాని కింద, ఏ మార్పు చేసినా కారణం రాయాలన్న పెద్ద సారు సర్క్యులర్‌ని తుచ తప్పకుండా పాటించిన ఒక వాక్యం! బాబాయి కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు.

"'ప్రారంభోత్సవంలో పెద్ద సారు ప్రసంగానికి ఫ్యాను చప్పుడు అడ్డు రాకూడదని వారి మౌఖిక ఆదేశం మేరకు. ప్రసంగం అయ్యాక తీసెయ్యాలి.'"

అధికారిణి తెర దగ్గరికి వంగి చూసింది.

"మరి తీసెయ్యలేదేం?" అంది అధికారిణి.

"సారు ప్రసంగం అయిపోయిందని ఎవరూ చెప్పలేదండీ," అన్నారు సలహాదారు గారు.

బాబాయి ఆ పంక్తి తీసేసి మిషన్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఫ్యాను ఒక్కసారిగా రంకెవేసింది. గంట గడిచింది, రెండు గడిచాయి. ఎర్రక్షరం రాలేదు. సాయంత్రానికి నూట పన్నెండు మంది పుట్టారు, నలభై మంది పోయారు. మంగలి షాపు దాకా ఉన్న వరస గేటు లోపలికి వచ్చింది. అధికారిణి బాబాయి మెమో అడ్డంగా చింపేసి, ఉత్తర్వు కాగితం పెద్ద సారు ముందుకి తోసింది.

"సంతకం అయిపోయింది కదా. పేరు నింపండి."

"నేను చెప్పాను, అంతే. రాయలేదు!" అన్నారు పెద్ద సారు.

"నేను సలహాదారుని. రాయడం నా విధుల్లో లేదు. వేళ్ళు ఆనించానంతే," అన్నారు సలహాదారు గారు.

ఇద్దరూ లోపలికి వెళ్ళి తలుపేసుకుని అరగంట ఆలోచించారు. ఎవరూ నొచ్చుకోకుండా, సంతకం వృథా కాకుండా ఖాళీ నిండింది. అద్దాల గదిలోని కీబోర్డును విధుల నుంచి తొలగించారు! అధికారిణి అది చదివి, ఇంకోసారి చదివి, తన నివేదికలో ఉన్నదున్నట్టు ఎక్కించి వెళ్ళిపోయింది.

ఆ కీబోర్డుని పడేయడానికి బాబాయికి మనసొప్పలేదు. కడిగి తుడిచి కౌంటరు అమ్మాయికిచ్చాడు. ఆమె వాడే కీబోర్డులో చాలా రోజులుగా 'ఎంటర్' మీట పనిచెయ్యడం లేదు.

"పాపం బాబాయ్! ఎవరేం చెప్పారో ఉన్నదున్నట్టు రాసింది, అదా దీని నేరం?" అందామె.

ఆనాటి నుంచీ పెద్ద సారు కౌంటరు పక్కగా వెళ్ళాల్సి వస్తే ఆ కీబోర్డు వంక ఓరగా చూసి, గొంతు తగ్గించి, సైగలతో మాట్లాడతారు.