నేనెప్పుడు పోయానండీ?

కుమాసీ ఊళ్ళో ఫోటోలు తీసేవాడికి బతికున్నవాళ్ళతో గిట్టుబాటు కాదు. పోయినవాళ్ళే పోషించాలి. "అసలు కంటే అందం" స్టూడియో యజమాని అంపోన్సా కూడా అలాగే నెట్టుకొస్తున్నాడు. శనివారం వచ్చిందంటే ఎవరివో ఒకరివి అంత్యక్రియలు. అంత్యక్రియలంటే కూడలిలో నిలువెత్తు బ్యానరు. వెనక తెల్లమబ్బులు, బంగారు గేటు, నాలుగు పావురాలు, మధ్యలో పోయినవారి నవ్వుముఖం. కింద రెండు తేదీలు: పోయిన రోజు, సాగనంపే రోజు.

ఈ బ్యానర్లు చేయడానికి లోకమంతా వాడే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి నెలనెలా చందా కట్టాలి. 

"ఒకసారి కొన్నాక మళ్ళీ ప్రతి నెలా ఏమిటే ఈ దోపిడీ?" అని కట్టినప్పుడల్లా అంపోన్సా పెళ్ళాం దగ్గర గోల పెట్టేవాడు.

"కొనలేదండీ, అద్దెకి తెచ్చుకున్నారు. మా అమ్మ ఇంట్లో ఉండి ఉండి అద్దె అనే మాటే మర్చిపోయారు," అనేది సర్వా.

ఎక్కడ నొక్కాలో సర్వాకి బాగా తెలుసు. స్టూడియో ఉన్నది అత్తగారు మామె అచియా ఇంటి ముందుగదిలో. ఆవిడకి అల్లుడి మీద మనసు బాగున్నంతకాలం అది దుకాణం. మనసు విరిగిన రోజున సామానంతా వీధిలో ఉంటుంది.

అంపోన్సాకి ఈ జన్మలో ఉన్న కోరికల్లా ఒక్కటే. గోడంత టీవీ కొనుక్కుని, కాళ్ళు చాపుకుని ఫుట్‌బాల్ చూడాలి. అందుకని చెప్పాపెట్టకుండా చందా ఆపేశాడు. డబ్బులడగని సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకున్నాడు. మిగిలిన చందా డబ్బుల్ని స్టూడియో తెర వెనక ఒక కోకో డబ్బాలో దాచడం మొదలుపెట్టాడు.

"ఈ నెల చందా కట్టారా?" అని సర్వా అడిగేది.

"కట్టా."

"పోయిన నెల?"

"అదీ కట్టా. నన్ను దొంగని చూసినట్టు చూస్తావేమిటే?"

సర్వా నవ్వి ఊరుకునేది. పెళ్ళాం నవ్వి ఊరుకుంటే మొగుడన్నవాడు భయపడాలి. ఆ ఇంగితం అంపోన్సాకి లేకపోయింది.

ఉచిత సాఫ్ట్‌వేర్‌కి వంక పెట్టడానికి లేదు. దానితో అద్భుతాలు చేసేవాళ్ళున్నారు. కాకపోతే ఓపిగ్గా నేర్చుకోవాలి. అంపోన్సా ఓపికంతా టీవీ కొట్టు అద్దం ముందు నిలబడటానికే సరిపోయేది. అలవాటైన మీట ఉండాల్సిన చోట ఉండేది కాదు. గొడుగు చెరపబోతే గొడుగు పట్టుకున్న పాస్టరుగారి చెయ్యి చెరిగిపోయేది. "ఓరి నీ ఉచితం తగలెయ్య!" అని కంప్యూటరు మీద అరిచి, మళ్ళీ డబ్బా కేసి చూసుకుని సర్దుకునేవాడు.

ఇలా ఉండగా అత్తగారి పుట్టినరోజు వచ్చింది. అసలు రోజు మే మూడు. కానీ ఊళ్ళో శనివారాలన్నీ చచ్చినవాళ్ళు ముందే పట్టేసుకోవడంతో, బతికున్న ఆవిడకి జూన్ పదిహేను దాకా ఖాళీ దొరకలేదు.

"అల్లుడూ! కూడలిలో నా బ్యానరు కట్టించు," అంది మామె అచియా. "చచ్చాక ఎంత పెద్దది కడితే మాత్రం నేను చూడొచ్చానా? ముడతలు కనపడకూడదు. పుట్టిన సంవత్సరం వేశావో, నీ కెమెరా వీధిలో ఉంటుంది."

అప్పటికి సర్వా తన కొట్లోకి గుడ్డలు కొనడానికి సరిహద్దు దాటి లోమే వెళ్ళింది. ఆవిడుంటే పక్కన కూర్చుని తప్పులు పట్టేది. అంపోన్సా ఒక్కడే కూర్చుని అత్తగారి ఫోటో తెరిచాడు. చర్మాన్ని నునుపు చేసే మీట ఒకటి కనపడింది. కాస్త లాగితే నుదుటి ముడతలు పోయాయి. ఇంకాస్త లాగితే గడ్డం కింద వేలాడేది పోయింది. ఉచితమే కదా అని చివరిదాకా లాగాడు. వెనక ఏం పెట్టాలో ఆలోచించే పని లేకుండా చేతులు వాటంతటవే మబ్బులూ, గేటూ, పావురాలూ పెట్టేశాయి. పైన మెలికల అక్షరాలతో అత్తగారి పేరు, శుభాకాంక్షలు. కింద పుట్టినరోజు, పండగ రోజు. ఉత్త అంకెలు: 3-5, 15-6. అచ్చు వేసే మెషిన్ మెన్సాకి పంపించి, "తెల్లారేసరికి కూడలిలో కట్టెయ్యి," అని చెప్పి హాయిగా పడుకున్నాడు.

ఆ మెలికల అక్షరాలు మెన్సా కంప్యూటరులో లేవు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ రోజుల్లో అలాంటివి ముందే చూసుకుని పంపడం అంపోన్సాకి అలవాటు. కొత్తదానిలో అదెక్కడ చూసుకోవాలో వెతకలేదు. పేరూ, శుభాకాంక్షలూ అన్నీ ఖాళీ గళ్ళై అచ్చయ్యాయి. అంకెలు మాత్రం శుభ్రంగా మిగిలాయి.

శనివారం పొద్దున్నే ఫోను మోగింది. సర్వా.

"ఏమండీ, ఒక్క మాటడుగుతాను, నిజం చెప్పండి. నేనెప్పుడు పోయానండీ?"

"ఎక్కడికే?"

"పైకి! కూడలిలో బస్సు దిగాను. ఎదురుగా నిలువెత్తున నేనే! వెనక మబ్బులు. మే మూడున పోయానట, ఇవాళ సాగనంపుతున్నారట. వేరుశనగకాయలావిడ నన్ను చూసి తట్ట వదిలేసి పారిపోయింది!"

"అది నువ్వు కాదే, మీ అమ్మ!"

"మా అమ్మకి నా ముఖమెవరు పెట్టారు?"

 నునుపు మీట చివరిదాకా లాగితే తల్లి వెళ్ళి కూతురి దగ్గర ఆగిందన్నమాట. బ్యానరు దింపడానికి అంపోన్సా నిచ్చెన కోసం పరిగెత్తబోయాడు. అప్పటికే ఇంటి గేటు నిండా చావుకి కట్టే ఎరుపు, నలుపు బట్టల్లో జనం. అందరికంటే ముందు, ఊళ్ళో ఏ చావునీ వదలని ఏడుపుల అఫువా.

"మే మూడున పోయిన పిల్ల పోయిన వారమే నాకు గుడ్డ అమ్మిందర్రా!" అని అఫువా గుండెలు బాదుకుంటోంది. "చచ్చాక కూడా ఒక్క పెసెవా తగ్గించలేదే తల్లీ!"

"అమ్మా, సర్వా బతికే ఉంది!" అని అరిచాడు అంపోన్సా.

"మొదట్లో అలాగే అనిపిస్తుంది నాయనా. ఏడిచెయ్యి, గుండె తేలికపడుతుంది."

"నేనేడవను!"

"అయ్యో, రాయైపోయాడు! బెంగపెట్టుకోకు. మా చెల్లెలు ఒకతి ఉంది. సూపు బాగా కాస్తుంది."

"నాకు పెళ్ళాం అక్కర్లేదు, నిచ్చెన కావాలి!"

ఇంతలో అత్తగారు జరీ గౌనులో ధగధగలాడుతూ బయటికొచ్చింది. "నా పండగకి నల్లబట్టలేమిటర్రా?" అని గద్దించింది.

"పాపం, కూతురు పోయేసరికి మతి చలించింది," అని జనం మరింత ఏడ్చారు.

ఆవిడ అల్లుడి కేసి చూసింది. అంపోన్సాకి ఆ చూపులో తన కెమెరా, కంప్యూటరు, దీపాలు వరసగా వీధిలోకి నడుస్తూ కనిపించాయి. ఈలోగా ఎవరో షామియానా వేశారు. చదివింపుల బల్ల పెట్టారు. మైకు తెచ్చారు. ఆ ఊళ్ళో చావుకి ఎవరేమిచ్చారో మైకులో చదవకపోతే ఇచ్చినట్టే కాదు.

సరిగ్గా అప్పుడు గుడ్డలమూటతో సర్వా వచ్చింది. సగం మంది గోడ దూకారు. మిగతా సగం కుర్చీల వెనక నక్కారు. సర్వా చరచరా స్టూడియోలోకి పోయి, కొంగు కింద ఏదో పట్టుకొచ్చి, మైకు లాక్కుంది.

"చచ్చినదాన్ని కాబట్టి అబద్ధాలాడను," అంది. "ఇవాళ మా అమ్మ పుట్టినరోజు. ఎన్నోదో అడక్కండి. ఆ బ్యానరులో ఉన్నదీ మా అమ్మే. మా ఆయన చేతివాటం వల్ల నేనైపోయింది. ఇప్పుడు చదివింపులు. మొట్టమొదట, అల్లుడు అంపోన్సాగారు, అత్తగారి గదిలో పెద్ద టీవీ కోసం, ఒక కోకో డబ్బా! నిండుగా!"

జనం చప్పట్లు కొట్టారు.  మైకులో చదివాక లేచి దణ్ణం పెట్టాలి, తప్పదు. అంపోన్సా తేలు కుట్టిన దొంగలా లేచి పెట్టాడు.

"నీకెలా తెలిసిందే?" అని పళ్ళ బిగువున అడిగాడు.

"ఆ చందా తీసుకున్నది నా ఫోను నంబరు మీద కదండీ. మీరు ఆపిన రోజే నాకు కబురొచ్చింది. వెతికితే తెర వెనక డబ్బా దొరికింది. నిండేదాకా ఆగాను."

మామె అచియా డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. "అల్లుడూ, ఆ బ్యానరు పారెయ్యకు. నా గదిలో కట్టించు. నన్ను చూసి నా కూతురనుకున్నారర్రా!" అని అందరితో చెప్పుకుని మురిసిపోయింది. దుకాణం వీధిలో పడలేదు.

టీవీ గోడంతదే వచ్చింది. సరిగ్గా మ్యాచ్ వేళకి అత్తగారు అందులో ప్రార్థనలు పెట్టుకుంటుంది. అంపోన్సా ముందుగదిలో ఖరీదైన సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని, గోలు పడిందో లేదో వీధిలో వాళ్ళ కేకల్ని బట్టి తెలుసుకుంటున్నాడు.

"ఈ నెల చందా కట్టారా?" అంటుంది సర్వా.

"కట్టా."

"ఏదీ, చూపించండి."

చూపిస్తాడు.