టమాటా ఇంటిపేరు

ఆ పొద్దున నాగరాజన్ అనుకున్న పని చాలా చిన్నది. షెడ్డులో గోడ వెంట వరసగా పెట్టిన ముప్పైరెండు రేకు బోర్డుల్ని ఆ వరస చెడకుండా తీసుకెళ్ళి, కర్రలకు తగిలించి, తోటలో ఏ మొక్క బోర్డు దాని దగ్గర మళ్ళీ గుచ్చాలి. అంతే. అది కాగానే కాళ్ళు కడుక్కుని, భార్య రాజాత్తి తెచ్చిన ఇడ్లీ తిని, పది గంటలకు రాబోయే పెద్దమనిషి కోసం ఒక పక్కగా నిలబడాలి. మాట్లాడే పని ఎలాగూ ఉండదు. పదిహేడేళ్ళుగా ఆ కాలేజీ తోటలో అతను మాట్లాడింది మొక్కలతోనే. అవి ఎదురు చెప్పవు.

బోటనీ క్లాసుల వెనకున్న ఆ అర ఎకరం మీద కాలేజీ పెద్దల కన్ను పడింది. పిల్లల బండ్లు నిలపటానికి చోటు చాలటం లేదు, తోట పీకేసి రేకుల షెడ్డు వేద్దామన్నారు. బోటనీ చెప్పే హేమమాలిని మేడం అడ్డం పడింది. తెలిసినవాళ్ళకు ఒక్కసారి చూపించండని బతిమాలితే, సరేనని రవిచంద్రన్ అనే రిటైరైన ప్రొఫెసర్ని పిలిపించారు. ఆయన 'ఈ తోట చదువుకు పనికొస్తుంది' అని రాసిస్తే తోట ఉంటుంది. లేదంటే సోమవారం బుల్డోజరు వస్తుంది. నాగరాజన్ తను పెంచిన చెట్ల వేళ్ళ మీద కుర్చీ వేసుకుని బండ్లకు టోకెన్లు ఇచ్చుకోవాలి.

అందుకే నిన్న కర్రలకు రంగు వేద్దామని బోర్డులన్నీ ఊడదీశాడు. వాటి మీద ఉండేవి ఇంగ్లీషు అక్షరాల్లో మొక్కల శాస్త్రీయ నామాలు. ఇంట్లో తెలుగే గాని, ఆ తమిళ ఊళ్ళో నాగరాజన్ మూడో క్లాసుతో బడి మానేసినవాడు, అదీ తమిళంలో. ఇంగ్లీషు అక్షరాలతో ముఖపరిచయమే గాని పలకరింపుల్లేవు. అయినా ఏ బోర్డు దేనిదో తడుముకోకుండా చెప్పగలడు. కొబ్బరి బోర్డుకు కాయ పడిన సొట్ట. బొప్పాయిదానికి పాల మరక. చింతచెట్టుదానికి కాకి రెట్ట. అక్షరాల కంటే నమ్మకమైన గుర్తులు.

ఎనిమిదిన్నరకు షెడ్డు తలుపు తీశాడు. గోడ వెంట వరస లేదు. మూల ఒక పీట మీద బోర్డులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెళ్ళికి తోమిన ఇత్తడి బిందెల్లా తళతళలాడుతున్నాయి.

రాజాత్తి అదే కాలేజీలో ఊడ్చే పని చేస్తుంది. చీపురు పట్టుకుని అప్పుడే వరండా దిగుతోంది.

"ఏందే ఇది?" అన్నాడు నాగరాజన్.

"కడిగినా. చింతపండు, బూడిద వేసి నిన్న సాయంత్రమంతా రుద్దినా. చెయ్యి పడిపోయింది. పెద్దమనిషి వస్తుంటే కాకి రెట్టలు చూపిస్తావా ఆయనకి?"

"సొట్ట బోర్డు యాడ?"

"సొట్టా? రాయి పెట్టి కొట్టి సదరం చేసినా. కొత్తదాని మాదిరి లేదూ?"

"వరస?"

"ఏం వరస?"

"గోడ కాడ వరసగా పెట్టినా గదా!"

"కడిగిన తట్టలు, గిన్నెలు ఎట్ల పెడతారయ్యా ఎవరైనా? పెద్దవి కింద, చిన్నవి పైన. అట్లే పెట్టినా."

నాగరాజన్ బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో రాజాత్తి కడిగి పాడుచేసిన వస్తువు అంతవరకు ఒక్కటీ లేదు.

పిల్లలకు పరీక్షల ముందు సెలవులు. ఆఫీసు పదింటికి గాని తెరవరు. హేమమాలిని మేడం పెద్దమనిషిని తీసుకురావటానికి వెళ్ళింది, ఫోను ఎత్తటం లేదు. మిగిలింది మనవరాలు జనని. పన్నెండో క్లాసు చదువుతోంది, ఇంగ్లీషు బాగా వచ్చు. ఫోను చేశాడు.

"ఏంబలం పోయే బస్సులో ఉండాను తాతా! ఏంది?"

"ఒక బోర్డు చదివి పెట్టాల."

"ఫోటో పంపు."

"నా ఫోను ఫోటో తీయదు. నేను చెప్తా, నువ్వు చదువు. మొదట కొడవలి."

"కొడవలా?"

"పక్కన సున్న. మళ్ళీ కొడవలి. మళ్ళీ సున్న. ఆఖర్న పాము."

బస్సు రొదలో జనని అరిచింది. "కోకో! చాక్లెట్టు చేస్తారే తాతా, ఆ చెట్టు!"

"మన తోటలో చాక్లెట్టు చెట్టు యాడుండాది?"

"ఉంటుంది, సరిగ్గా చూడు. కాయలు కొమ్మలకు కాకుండా మానుకే అంటుకుని కాస్తాయి. పుస్తకంలో బొమ్మ చూసినా."

"మరి పాము?"

"నిండా చెట్లుంటే చివర పాము పెడతారు తాతా. అది ఇంగ్లీషు వాళ్ళ పద్ధతి."

అంతలో సిగ్నల్ పోయింది. నాగరాజన్ ఆలోచించాడు. మానుకే అంటుకుని కాసేది బొప్పాయి. అవి ఆరున్నాయి, కాబట్టి పాము కూడా సరిపోయింది. చదువుకున్న పిల్ల మాట ఊరికే పోతుందా అనుకుని, ఆ బోర్డును బొప్పాయి దగ్గర గుచ్చి వచ్చాడు. అది కొబ్బరిచెట్టు బోర్డు.

మిగిలిన ముప్పైఒకటీ నేల మీద పరిచి తేరిపార చూశాడు. చూడగా చూడగా ఒక విషయం కనిపించింది. ప్రతి బోర్డు మీదా రెండు మాటలు. నాలుగు బోర్డుల మీద మొదటి మాట అచ్చం ఒకేలా ఉంది. ముందు పాము, పక్కన సున్న, ఆపైన ఏవో గీతలు. రెండో మాట దేనికదే వేరు. ముందు మాట ఒకటే, వెనక మాట వేరు! నాగరాజన్ పెళ్ళికి ఇద్దరి ఇంటిపేర్లూ ఒకటేనేమోనన్న అనుమానంతో పెద్దలు రెండు రోజులు తగువులాడుకున్నారు. ఇంటిపేరంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"రాజాత్తీ, చెట్లకీ ఇంటిపేర్లుండాయే!"

"వాటికెందుకు? పెళ్ళిళ్ళు చేస్తావా?" అంది రాజాత్తి ఊడుస్తూనే.

తోటలో ఏది ఏ ఇంటిదో అతనికి తెలుసు. పువ్వు మొహం చూస్తే చాలు. వంగ పువ్వు చుక్కలా విచ్చుకుని, నడుమ పచ్చటి ముక్కు పెట్టుకుని ఉంటుంది. చేదు వంగలాంటి సుండకాయదీ అదే మొహం, నల్లపండ్ల ఆకుకూర మణత్తకాళిదీ అదే. టమాటా పువ్వు రంగు మారింది గాని ముక్కు మారలేదు. నాలుగు బోర్డులు, నాలుగు మొక్కలు. ఆ ఇంటిదే తూదువళ అనే ముళ్ళ తీగ ఒకటి పోయిన వేసవిలో ఎండిపోయిందని, దాని బోర్డు ఉత్త కర్రకు మిగిలి ఉందని అతనికి ఆ తొందరలో గుర్తు రాలేదు. తర్వాత మందారం, గోంగూర. రెండు పువ్వుల్లోనూ నడిమి నుంచి పుప్పొడి గొట్టం నిక్కి ఉంటుంది. మొదటి మాట కలిసిన రెండు బోర్డులు దొరికాయి, ఆ రెంటికీ పెట్టేశాడు.

చిక్కంతా ఇంటిపేరు కలవని ఒంటరి బోర్డులతోనే. టైము తొమ్మిదిన్నర దాటింది. నాగరాజన్ ఒక న్యాయం పెట్టుకున్నాడు. పెద్ద చెట్టుకు పెద్ద పేరు, చిన్న మొక్కకు చిన్న పేరు. అన్నిటికంటే పొడుగు పేరున్న బోర్డు తీసి, అన్నిటికంటే పొడుగాటి కొబ్బరిచెట్టు కింద గుచ్చాడు. అది టమాటా బోర్డు. అన్నిటికంటే పొట్టి పేరు అత్తిపత్తికి ఇచ్చాడు. అది మొక్కజొన్నది. పది కొట్టేసరికి తోట కళకళలాడిపోతోంది.

ప్రిన్సిపాల్ విజయరంగన్ కామర్స్ మనిషి. మొక్కల సంగతి తెలియదు గాని ఇంగ్లీషు గట్టిగా చదువుతాడు. హేమమాలిని మేడం నోరు తెరిచేలోపే ఆయనే ముందు నడిచి, పెద్దాయన్ని సరాసరి కొబ్బరిచెట్టు కిందికి తీసుకెళ్ళాడు.

"ఇది మా తోటకే గర్వకారణం సార్. లైకోపెర్సికాన్ ఎస్క్యులెంటమ్!"

రవిచంద్రన్ బోర్డు చూశాడు. తలెత్తి చెట్టు చూశాడు. అంత ఎత్తు చూడటానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

"ఎన్ని కాయలు కాస్తుంది?"

"నిరుడు నూటయాభై సార్. హాస్టల్లో చట్నీ అంతా దీనిదే."

"టమాటా చట్నీనా?"

"కాదు సార్, కొబ్బరి చట్నీ!" అని ప్రిన్సిపాల్ నవ్వాడు, పెద్దాయనకు పాపం చూపు తగ్గినట్టుందని.

వెనకనున్న మేడం బోర్డు చదివేసింది. ఆమె కళ్ళు బోర్డు మీది నుంచి నాగరాజన్ మీదికి, అతని మీది నుంచి రాజాత్తి మీదికి వెళ్ళాయి. రాజాత్తి చేతులు కట్టుకుని, బోర్డు ఎంత మెరుస్తోందో మేడం గమనించిందని సంతోషపడింది.

"ఇది జియా మేస్ సార్," అంటూ ప్రిన్సిపాల్ వంగి అత్తిపత్తిని ముట్టుకున్నాడు. ఆకులు ముడుచుకున్నాయి. ఆ తోటలో ఆ క్షణాన సిగ్గుపడింది అదొక్కటే.

"మొక్కజొన్న ముడుచుకోవటం ఇదే చూస్తున్నా," అన్నాడు రవిచంద్రన్. జేబులోంచి కలం తీశాడు. "ఇక చూడక్కర్లేదు ప్రిన్సిపాల్ గారూ. తప్పులు నేర్పే తోట కంటే బండ్ల షెడ్డే మేలు."

"చిత్తం సార్, షెడ్డే మేలు," అన్నాడు ప్రిన్సిపాల్. ఏది తప్పో ఆయనకింకా తెలియలేదు. పెద్దాయనకు చెట్లు నచ్చలేదని మాత్రం అర్థమైంది. ఏదో ఒకటి వెంటనే దిద్దుదామని చుట్టూ చూశాడు. బొప్పాయిల్లో ఒకటి పొడుగాటి కాడలకు పూలు వేలాడేసుకుని, ఒక్క కాయా లేకుండా నిలబడి ఉంది. "ఇదుగో, ఇట్లాంటి దండగ చెట్లు పెట్టుకుంటే ఎట్లా? నాగరాజన్, దీన్ని ఇప్పుడే నరికెయ్!"

"నరకను."

ఆ మాట అన్నది ఎవరా అని అందరూ చూశారు. పదిహేడేళ్ళలో నాగరాజన్ గొంతు ప్రిన్సిపాల్ వినటం అదే మొదలు.

"అది మగది సారూ," అన్నాడు నాగరాజన్. తమిళంలో మొదలుపెట్టినవాడు ఆవేశంలో తెలుగులోకి జారిపోయాడు. "మిగిలిన ఐదూ ఆడవి. పొద్దు గూకేటప్పుడు పురుగులు దీని పువ్వు మీద వాలి, పొడి మోసుకుని ఆడ పువ్వుల కాడికి పోతాయి. ఇది లేకుంటే వాటి పిందెలు రాలిపోతాయి. కాయటం లేదని దీన్ని నరికితే కాసేవీ కాయకుండా పోతాయి. గుమ్మడి తీగ కాడ పురుగులు చాలక దినమూ పొద్దున్నే నేనే మగ పువ్వు తుంచి ఆడ పువ్వుకు రుద్దుతా. బోర్డులు తప్పయితే నా తప్పు. దాన్నెందుకు నరకాల?"

"బోర్డులు పెట్టింది నువ్వా?" అన్నాడు రవిచంద్రన్, తెలుగులోనే. ఆయనదీ తెలుగిల్లేనని అప్పుడు తెలిసింది.

"నాదే సార్ తప్పు, నేను చూసుకోవలసింది," అంది మేడం.

"కడిగింది నేను," అంటూ రాజాత్తి ముందుకొచ్చింది. "సొట్ట తీసింది నేను. ఆయన్ని ఏమీ అనొద్దు. ఆయనకు చదువు రాదు."

"నీకొచ్చా?" అన్నాడు నాగరాజన్.

"నాకు కడగటం వచ్చు!"

"ఆగండమ్మా," అన్నాడు పెద్దాయన. ఆయన చూపు అప్పటికే పక్క మడి మీదికి పోయింది. వంగ, సుండకాయ, మణత్తకాళి, టమాటా. నాలుగు బోర్డులూ వంగి వంగి చదివాడు. నాలుగింటి మీదా మొదటి మాట సొలానమ్. "అన్నీ తారుమారు చేసినవాడివి, ఈ నాలుగూ ఒక చోట ఎట్లా పెట్టినావు?"

"ఒకే ఇంటిపేరు గదా సారూ. పువ్వు మొహం ఒకటే, బోర్డు మొహం ఒకటే."

"టమాటాకు మీ పాత బోర్డు మీద వేరే ఇంటిపేరుందే? అదేగా కొబ్బరిచెట్టు కిందున్నది."

"ఉంటే ఉండనీ సారూ. టమాటా వంగ ఇంటిదే. మీరే చూడండి," అని ఒక పువ్వు తుంచి ఆయన అరచేతిలో పెట్టాడు.

రవిచంద్రన్ ఆ పువ్వు చూసి, కలం జేబులో పెట్టుకుని, బొజ్జ కదిలేలా నవ్వటం మొదలుపెట్టాడు. ఆగమన్నా ఆగేలా లేడు.

"హేమమాలినీ, విన్నావామ్మా? పుస్తకాల వాళ్ళు టమాటాని వంగ ఇంటి నుంచి విడదీసి వేరు కాపురం పెట్టించారు. రెండువందల ఏళ్ళు తగువులాడి, కణాలు తీసి, పరీక్షలు చేసి, మళ్ళీ తెచ్చి సొలానమ్ ఇంట్లోనే పడేశారు. మీ బోర్డు ఆ సంగతి తెలియక పాత పేరే పెట్టుకునుంది. ఈయన సొంతపేరు తప్పు పెట్టినాడు గాని, ఇంటిపేరు సరిగ్గా పెట్టినాడు!"

"అంటే, సరేనంటారా సార్?" అన్నాడు ప్రిన్సిపాల్. ఆయన ఏ మాట మీద నిలబడాలో వెతుక్కుంటున్నాడు.

"మీ పిల్లలు ఎన్నేళ్ళుగా బోర్డు చదివి వెళ్ళిపోతున్నారో. ఒక్కడైనా పువ్వు చూసి ఉంటే ఈ బోర్డు ఎప్పుడో మారేది," అన్నాడు పెద్దాయన. అక్కడే, అత్తిపత్తి పక్కన గట్టు మీద కూర్చుని, రిపోర్టు రాసేశాడు. మగ బొప్పాయికి చేయి తగిలిస్తే ఊరుకోనని నోటితో కూడా చెప్పాడు. రాజాత్తి ఇడ్లీలు రెండు తిన్నాడు. హాస్టల్ నుంచి తెప్పించిన కొబ్బరి చట్నీని లైకోపెర్సికాన్ చట్నీ అని పిలిచి మళ్ళీ నవ్వాడు. ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు, ఈసారి కొంచెం ఆలస్యంగా.

తోట నిలిచింది. బండ్ల షెడ్డు ప్రిన్సిపాల్ కారు పెట్టుకునే చోట వేశారు. టమాటాకు కొత్త బోర్డు వచ్చింది. దాన్ని రాజాత్తి వచ్చిన రోజే కడిగింది.

రిపోర్టులో ఇంకో మాట కూడా ఉంది. నెలకొకసారి తోటలో నాగరాజన్ బోర్డులన్నీ తప్పుగా పెట్టాలి. పిల్లలు పువ్వులు, ఆకులు చూసి సరిదిద్దాలి. మార్కులూ అతనే వేయాలి. మార్కులు వేయాలంటే అక్షరాలు రావాలి గనక జనని ఆదివారాలు తాతను కూర్చోబెట్టి నేర్పింది. కొడవలి, సున్న, పాము దగ్గర మొదలై మూడు నెలల్లో ముప్పైరెండు పేర్లూ గడగడా చదివేశాడు.

అప్పటి నుంచే కష్టాలు మొదలయ్యాయి. ఒకప్పుడు గంటన్నరలో అయిపోయిన పనికి ఇప్పుడు మధ్యాహ్నం దాటుతోంది. కొబ్బరి బోర్డు తీసుకుని బొప్పాయి వైపు బయలుదేరితే కాళ్ళు వాటంతట అవే కొబ్బరిచెట్టు కిందికి పోతాయి. అది చూసి వరండాలోంచి రాజాత్తి, "అది కాదయ్యా, తప్పుగా పెట్టు!" అని అరుస్తుంది.

తప్పు పెట్టడం ఇంత కష్టమని చదువుకోకముందు నాగరాజన్‌కు తెలియదు.